గాడీ మాట వినే ఉస్తాద్

పోయిన జుమ్మా నాడు అసర్ నమాజ్ తర్వాత ఉస్తాద్‌కి మట్టి ఇచ్చి వచ్చాం. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. కబ్రస్తాన్ బయట రోడ్డు పొడుగునా నిలబడ్డ బండ్లను చూస్తూ అటుగా పోయేవాళ్లు ఏదో సినిమా షూటింగ్ అనుకున్నారు. నాలుగు అంబాసిడర్లు, మూడు ఫియట్లు, హుడ్ లేని ఒక పాత జీపు, నేను చిన్నప్పుడెప్పుడో చూసిన స్టాండర్డ్ హెరాల్డ్ ఒకటి. వాటి మాలిక్‌లలో డాక్టర్లున్నారు, వకీళ్లున్నారు, ఒక రిటైర్డ్ జడ్జి గారున్నారు. సగం మందికి జనాజా నమాజ్ తెలియదు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు.

ఆయన పేరు రాయను. బతికున్నన్నాళ్లూ వర్క్‌షాప్ బోర్డు మీద కూడా పేరు రాయించుకోలేదాయన. బోర్డే లేదు. ముషీరాబాద్ వైపు ఒక గల్లీ, వేపచెట్టు, దాని కింద రేకుల షెడ్డు, అంతే. ఎవరిని అడిగినా ‘ఉస్తాద్ కా కార్ఖానా’ అని చూపించేవాళ్లు. అబ్బాకీ ఉస్తాదే, నాకూ ఉస్తాదే, మా పిల్లలకూ ఉస్తాదే.

మన దేశంలో మోటార్ల చరిత్ర గురించి చాలానే రాశారు. ఏ నవాబు దగ్గర ఎన్ని కార్లున్నాయి, ఏ కంపెనీ ఏ సంవత్సరంలో ఏ మోడల్ తీసింది, అన్నీ దొరుకుతాయి. ఆ బండ్లని యాభై అరవై ఏళ్లు నడిపించినవాళ్ల తారీఖ్ మాత్రం ఎక్కడా కనిపించదు. మీలో చాలామంది ఇండ్లల్లో ఒక మామూనో, చిచానో, తాతో పానా పట్టినవాళ్లే అయుంటారు. అందుకే ఉస్తాద్ గురించి రాయడమంటే నా మట్టుకు ఆ తారీఖ్‌లో ఒక పేజీ రాయడమే.

హైదరాబాద్ మోటార్ల ముచ్చట చెప్పమంటే అందరూ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌తోనే మొదలుపెడతారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సింహాసనంలాంటి సీటుతో, పైన గుమ్మటంతో ప్రత్యేకంగా చేయమని ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. బండి రాకముందే, 1911లో, ఆయన ఇంతెఖాల్ అయ్యారు. ఏడో నిజాం దాన్ని వాడింది బహు తక్కువ. ఒకసారి ఉస్తాద్‌ని అక్కడికి తీసుకెళ్లాను. జనమంతా గుమ్మటం చూస్తుంటే ఆయన మాత్రం గొలుసు అవతల నేల మీద ఉకడు కూర్చుని బండి కింద ఏముందో చూస్తున్నాడు. గార్డు వచ్చి లేపాడు. “బేచారీ కో చలాయేచ్ నై” అన్నాడు ఉస్తాద్, పెళ్లి కాని ఆడపిల్ల గురించి చెప్పినట్టు.

నా లెక్కలో మన మెకానిక్‌ల చరిత్ర ఆ రోల్స్ రాయిస్‌తో కాదు, బస్సులతో మొదలవుతుంది. 1932 జూన్ 15న నిజాం స్టేట్ రైల్వే వాళ్లు రోడ్డు రవాణా శాఖ పెట్టారు. 27 బస్సులు, 166 మంది ములాజిమ్‌లు. అల్బియన్ కంపెనీ బస్సులు స్కాట్లాండ్ నుంచి వచ్చాయి. నంబరు ప్లేట్ మీద హెచ్‌వైజెడ్ అని ఉండేది, చివరి ‘జెడ్’ నిజాం గారి అమ్మ జహ్రా బేగం పేరు మీద పెట్టిందే అని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. బస్సు విదేశీదే కానీ ముక్కలు విప్పి కడగడానికి, గ్రీజు పెట్టడానికి, బేరింగులు మార్చడానికి ఇక్కడి చేతులే కావాలి. లోహారి పని తెలిసినవాళ్లు, టాంగా చక్రాలు చేసినవాళ్లు, తుపాకులు బాగుచేసినవాళ్లు ఆ వర్క్‌షాపుల్లో చేరారు. మా ఉస్తాద్‌కి ఉస్తాద్ అయిన పెద్దాయన అట్లా చేరిన ఒక పోరడు. ఇంజన్ అంటే ఏమిటో అల్బియన్ దగ్గరే నేర్చుకున్నాడని ఉస్తాద్ చెప్పేవాడు.

తర్వాత 1948 సెప్టెంబర్ వచ్చింది. పోలీస్ యాక్షన్. ఆ మాట వినగానే మన ఇండ్లల్లో ముసలివాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. నిజాం ఫౌజ్ పోయింది, దానితో బతికిన కుటుంబాలు రోడ్డున పడ్డాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారులే కాదు, వాళ్ల దేవిడీల్లో బతికిన వంటవాళ్లు, సాయీసులు, డ్రైవర్లు, మోటార్‌ఖానాలో పనిచేసేవాళ్లు అందరి రోజీరోటీ పోయింది. జాగీర్లు పోవడం న్యాయమే, రైతుల పక్షాన చూస్తే ఇంకో మాట అనలేం. కానీ కింద పడ్డవాళ్ల లెక్క ఎవరూ తీయలేదు. కొందరు రిక్షా తొక్కారు, కొందరు పాన్ డబ్బాలు పెట్టుకున్నారు. చేతిలో మోటార్ హునర్ ఉన్నవాళ్లు చెట్టు కింద పెట్టె తెరిచారు. సర్కారీ నౌకరీకి సనద్ కావాలి, సిఫారసు కావాలి. పానా పట్టడానికి ఏదీ అక్కర్లేదు. మన గల్లీల్లో ఇంతమంది మెకానిక్‌లు ఎందుకున్నారని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబులో సగం ఇదే.

మిగతా సగం ఢిల్లీలో తయారైంది. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో షెవర్లేలు బిగించి అమ్మేది. ఫోర్డ్ కూడా ఉండేది. 1953లో టారిఫ్ కమిషన్ ఒక సిఫారసు చేసింది: విడిభాగాలు బయటి నుంచి తెచ్చి ఇక్కడ బిగించడమే తప్ప, ఇక్కడే తయారుచేసే ఉద్దేశం లేని కంపెనీలు దుకాణం సర్దుకోవాలి. సర్కార్ ఒప్పుకుంది. 1954 కల్లా జనరల్ మోటార్స్ వెళ్లిపోయింది. కంపెనీ పోయింది కానీ దాని బండ్లు ఇక్కడే ఉండిపోయాయి. వాటికి ఒక గేర్ పన్ను విరిగినా, ఒక వాల్వ్ కాలినా కొత్తది దొరికే దారి మూసుకుపోయింది.

ఉస్తాద్ తరం పుట్టింది ఆ తంగీలోనే. పదేళ్ల వయసులో ఆయన్ని వాళ్ల అమ్మీ పెద్దాయన దగ్గర వదిలేసి, “హడ్డీ మేరీ, చమ్డీ తుమారీ” అని చెప్పి వెళ్లిందట. షాగిర్ద్‌ని ఉస్తాద్‌కి అప్పగించేటప్పుడు మనవాళ్లు అనే మాటే కదా. మొదటి రెండేళ్లు కిరోసిన్‌లో నట్లు కడగడం, చాయ్ తేవడం, దెబ్బలు తినడం. మూడో ఏడు పానా చేతికొచ్చింది. లేని స్పేర్ పార్ట్‌ని పుట్టించడం ఆ తర్వాతి సబక్. జుమేరాత్ బజార్‌లో ఇనప సామాను గుట్టల్లో వెతకడం, ట్రక్కు యాక్సిల్ ముక్క తెచ్చి లేత్ మీద కార్ పిన్ను తిప్పించడం, ఒక కంపెనీ పిస్టన్‌ని ఇంకో కంపెనీ బోరులో కూర్చోబెట్టడం, తోలు కత్తిరించి వాషర్ చేయడం. దీన్ని ఇప్పుడు జుగాడ్ అని కొంచెం ముద్దుగా, కొంచెం చులకనగా అంటున్నారు. ఉస్తాద్‌కి ఆ మాట నచ్చేది కాదు. జుగాడ్ అంటే ఇవాళ్టికి గడిచిపోవడం, తాను చేసింది పదేళ్లు ఉండాలని చేసిందని అనేవాడు.

బయటి బండ్లు ఆగిపోయాక మనకు మిగిలినవి మూడే. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారా నుంచి హిందుస్తాన్ మోటార్స్ వాళ్ల అంబాసిడర్. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పేరుతో ఉన్న బండే 1957లో ఇక్కడ అంబాసిడర్ అయింది. బొంబాయి కుర్లా నుంచి ప్రీమియర్ వాళ్ల ఫియట్ 1100, అదే 1970ల్లో ప్రీమియర్ పద్మినిగా మారింది. మద్రాసు నుంచి 1961లో మొదలైన స్టాండర్డ్ హెరాల్డ్. కొనాలంటే పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. అంత సబర్ చేసి కొన్న బండిని ఐదేళ్లకు ఎవరు మారుస్తారు? బాప్ కొన్న బండి బేటా నడిపేవాడు. బండి బతికినంత కాలం దాని మెకానిక్ ఆ ఇంటి మనిషే. వలీమా దావత్‌లకు కుటుంబ డాక్టర్‌ని, కుటుంబ మెకానిక్‌ని ఒకే వరసలో కూర్చోబెట్టిన ఇండ్లు నాకు తెలుసు.

మా అబ్బాకి ఉన్నది మార్క్ 2 అంబాసిడర్. సొంతానికి కాదు, కిరాయికి తిప్పేవాడు. ఉర్సులకు, షాదీలకు, నిజామాబాద్‌కి, నల్లగొండకి. ఆ బండి ఆగిన రోజు మా ఇంట్లో చూల్హా సగమే వెలిగేది. ఒక మే నెలలో జడ్చర్ల దాటాక దుల్హా బండిగా పోతూ ఆగిపోయింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, ముందు సీట్లో అబ్బా పక్కన కూర్చున్నాను. అబ్బా కంగారుపడలేదు. ఉస్తాద్ ముందే నేర్పి పెట్టాడు. ఎండకి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది, పంపు ఆ ఆవిరిని లాగలేక చేతులెత్తేస్తుంది. దుల్హా వాళ్ల మామూ దగ్గర రుమాలు అడిగి, సురాహీ నీళ్లలో తడిపి పంపు మీద చుట్టాడు. ఒక బీడీ కాల్చేంతసేపు ఆగాడు. మళ్లీ సెల్ఫ్ కొట్టగానే బండి లేచింది. నికాహ్‌కి వేళకే చేరాం. ఆ కాలపు అంబాసిడర్ డ్రైవర్లందరికీ తెలిసిన తర్కీబే ఇది, అబ్బా మాత్రం బతికినన్నాళ్లూ దాన్ని ఉస్తాద్ కరామత్ అనే చెప్పాడు.

కరామత్ ఏమీ లేదు. వినడమే ఆయన పని. బండి రాగానే బానెట్ ఎత్తేవాడు కాదు. ముందు నడపమని చెప్పి కళ్లు మూసుకుని నిలబడేవాడు. తర్వాత పొడుగాటి పేచ్‌కస్ తీసుకుని దాని మొన ఇంజన్ బ్లాక్‌కి ఆనించి, పిడి చెవి ఎముకకి పెట్టుకుని, డాక్టర్ ఆలా పెట్టి చూసినట్టు ఒక్కో సిలిండర్ దగ్గరా ఆగేవాడు. టక్ టక్ అని పైనుంచి వస్తే ట్యాపెట్, కింద నుంచి బరువుగా ధబ్ ధబ్ అంటే బేరింగ్. “గాడీ బోల్తీ హై మియా, మాలిక్ ఝూట్ బోల్తా” అనేవాడు. మాలిక్‌లు నిజంగానే అబద్ధం చెబుతారు, ఆయిల్ మార్చి రెండేళ్లయినా మొన్ననే మార్చామంటారు.

ప్లగ్గు విప్పి దాని రంగు చూస్తే ఇంజన్ హాల్ మొత్తం తెలిసేది ఆయనకి. మూతి చాయ్ రంగులో ఉంటే ఖైరియత్. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై ఇంజన్ వేడెక్కుతోంది. అంబాసిడర్ ప్లగ్గు మూతి దగ్గర 25 థౌ సందు ఉండాలి, అంటే ఇంచీలో వెయ్యో వంతులు పాతిక. ఉస్తాద్ గేజ్ వాడేవాడు కాదు, విరిగిన హాక్సా బ్లేడు ముక్క దూర్చేవాడు. కాలేజీ చదివిన కుర్రాడొకడు ఇదేం మోటు పద్ధతి అని ఒకసారి నవ్వాడు. ఉస్తాద్ మాట్లాడకుండా మైక్రోమీటర్ తెప్పించి, బ్లేడు మందం కొలిచి చూడమని వాడి చేతికే ఇచ్చాడు. సరిగ్గా 25. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లకి మాత్రం గేజ్ పెట్టేవాడు, 15 థౌ. అక్కడ అందాజా నడవదని చెప్పేవాడు. ఏది అందాజాగా చేయొచ్చో, ఏది చేయకూడదో తెలియడమే ఇల్మ్ కదా, దాన్ని ఏ మదర్సా, ఏ ఐటీఐ నేర్పలేదు ఆయనకి.

చదవడం రాదు. ఉర్దూలో సంతకం, అంకెలు, అంతే. నాలుగు సిలిండర్లలో ఏది ముందు మండాలో షాగిర్ద్‌లకు పాటలా చెప్పించేవాడు: ఏక్, తీన్, చార్, దో. ఇంజన్ హెడ్ నట్లు నడుమ నుంచి మొదలుపెట్టి రెండు వైపులా బయటికి బిగించుకుంటూ పోవాలి, లేకపోతే హెడ్ వంకర పోతుంది. దాన్ని ఆయన రొట్టె ఒత్తడంతో పోల్చేవాడు. వాళ్ల ఇంట్లోంచి దోపహర్ తోషా వచ్చినప్పుడు చేతులు సర్ఫుతో, ఇసకతో రుద్ది కడిగి, అయినా పోని నల్లటి గోళ్లతో అందరినీ పక్కన కూర్చోబెట్టుకుని తినేవాడు. రంజాన్‌లో అసర్ కల్లా పానా కింద పెట్టేసేవాడు. దసరా ఆయుధ పూజ రోజున బండ్ల మాలిక్‌లు కార్ఖానాకే వచ్చి పూజ చేసుకుంటామంటే వద్దనేవాడు కాదు. ముందురోజు రాత్రి షెడ్డు కడిగించి, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తానే తెప్పించి పెట్టి, తాను మాత్రం అవతల చాయ్ హోటల్లో కూర్చునేవాడు. పూజయ్యాక వాళ్లు తెచ్చిన మిఠాయి డబ్బా షాగిర్ద్‌ల చేతుల్లో పెట్టేవాడు. మతసామరస్యం అని ఇప్పుడు మనం సభలు పెట్టి చెప్పుకునేదాన్ని ఆయన ఎన్నడూ ఆ పేరుతో పిలవలేదు.

1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. ఉస్తాద్ దాన్ని బిస్కట్ డబ్బా అన్నాడు కానీ, అది రోజూ రిపేర్‌కి రాని బండి అని మొదటి ఏడే అర్థం చేసుకున్నాడు. షాగిర్ద్‌లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం మొదలైంది. రియాద్, దమ్మామ్, దుబాయ్. ఇక్కడ వాళ్ల చేతికి దొరకని ఖీమత్ అక్కడ దొరికింది. హైదరాబాద్ చెట్ల కింద నేర్చిన హునర్ ఎన్ని ఇండ్ల అప్పులు తీర్చిందో, ఎంతమంది ఆడపిల్లల షాదీలు చేసిందో మన మొహల్లాల్లో అందరికీ తెలుసు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పిల్లల ఊపిరికి మంచిదే. పాత ఇంజన్లకు మాత్రం ఆ సీసమే వాల్వ్ సీట్లకు మెత్తటి పరుపు. అది లేకపోయేసరికి సీట్లు అరిగి వాల్వ్‌లు లోపలికి దిగడం మొదలైంది. కంపెనీలు చెప్పలేదు, పుస్తకంలో లేదు. ఉస్తాద్ నాలుగైదు హెడ్‌లు విప్పి చూసి, కారణం ఊహించి, గట్టి లోహంతో సీట్లు చేయించి దిగగొట్టడం మొదలుపెట్టాడు. అదే రోజుల్లో కార్బొరేటర్లు పోయి కంప్యూటర్‌తో పెట్రోలు చిమ్మే ఇంజన్లు వచ్చాయి. దానికి చెవి అక్కర్లేదు, తీగ తగిలించి స్క్రీన్ చూస్తే చాలు. పద్మిని ఆగిపోయింది. 2014 మేలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ కూడా ఆగిపోయింది.

ఉస్తాద్ కార్ఖానా మూతపడుతుందనే అనుకున్నాం. అప్పుడే శౌఖీన్‌లు వచ్చారు. తాత బండిని మళ్లీ రోడ్డు మీద చూసుకోవాలనే డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు. డెబ్బై దాటిన వయసులో ఆయనకి జిందగీలో ఎప్పుడూ రానంత గిరాకీ వచ్చింది. డబ్బు పెంచాడా అంటే లేదు. పదిహేను రోజుల పనికి ఎంత అడగాలో ఆయనకి తెలియదు, వాళ్లలో కొందరు తెలిసినా చెప్పలేదు. బండి ఎగ్జిబిషన్‌లో కప్పు గెలిస్తే ఫొటోలో మాలిక్ ఉండేవాడు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయనకి మాత్రం ఫరక్ పడలేదు. “ఇంజన్ మేరా నామ్ లేతా” అని నవ్వేసేవాడు.

చివరి రెండేళ్లు దమ్ము పట్టేసింది. దవాఖానాలో డాక్టరమ్మ మీరేం పని చేసేవారు చాచా అని అడిగింది. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ విప్పి, గాలి కొట్టి, ఆ దుమ్ము మధ్యలోనే యాభై ఏళ్లు పనిచేశాడు. దమ్ముకి కారణం అదేనని ఆమె అనలేదు. చాలాసేపు రాసుకుంది. ఆయనకి ఈఎస్ఐ లేదు, పింఛన్ లేదు, మెకానిక్ అని చెప్పే ఒక్క కాగితం లేదు. రేషన్ కార్డులో వృత్తి దగ్గర కూలీ అని ఉంది.

2021లో కేంద్ర సర్కార్ పాత బండ్లకు ఖాయిదా తెచ్చింది. 50 ఏళ్లు దాటిన, అసలు రూపం చెడని కారుకి ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల చెల్లుబాటు. అలాంటి బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకి మాత్రం రోడ్డెక్కించొచ్చు. ఆ ఖాయిదా ఉస్తాద్‌కి చదివి వినిపించింది నేనే. అంతా విని, “మరమ్మత్ కూ లేజానా బోలే, కిస్‌కే పాస్ లేజానా లిఖే క్యా?” అని అడిగాడు. లేదు ఉస్తాద్, అది రాయలేదు అన్నాను.

ఇప్పుడు షెడ్డులో ఒక మార్క్ 2 అంబాసిడర్ ఇంజన్ విప్పి ఉంది. దవాఖానాకి పోయే ముందు మొదలుపెట్టిన పని. దమ్మామ్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్న పెద్ద షాగిర్ద్ జనాజాకి అందలేదు, జియారత్ రోజుకి చేరుకున్నాడు. నలభై రోజుల సెలవు పెట్టాడు, చెహ్లుం దాకా ఉంటాడు. నిన్న ఇద్దరం కలిసి షట్టర్ ఎత్తాం. బల్ల మీద డాల్డా డబ్బాలు వరసగా ఉన్నాయి, దేని నట్లు దాంట్లో, మీద ఆయిల్ గుడ్డ కప్పి. అట్టపెట్టె ముక్కకి ఎనిమిది బొక్కలు పొడిచి, ఎనిమిది పుష్‌రాడ్‌లూ తీసిన వరసలోనే గుచ్చి పెట్టాడు ఉస్తాద్. ఏది ఎక్కడిదో అక్కడే మళ్లీ దిగాలని. అట్ట మీద ఉర్దూ అంకెలు, ఒకటి నుంచి ఎనిమిది దాకా, కొంచెం వణికిన చేత్తో రాసినవి.

షాగిర్ద్ దాన్ని తీసి, కదిలించకుండా గూట్లో పైన పెట్టాడు. గ్యాస్కెట్ రాణీగంజ్‌లో దొరుకుతుందేమో చూసి రమ్మని నన్ను పంపాడు. దొరికింది. జుమేరాత్ నాడు హెడ్ ఎక్కిస్తామన్నాడు.